ఇంజన్ విప్పి బిగించాక ప్లగ్గుల్లో స్పార్క్ రావట్లేదు, సెల్ఫ్ మాత్రం బాగా తిరుగుతోంది

కొత్తపిస్టన్
అందరికీ నమస్కారం. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ కూర్చునే రకం. ఆయిల్ తాగేస్తోందని దించి రింగులు, మెయిన్ బేరింగులు, బిగ్ ఎండ్ బేరింగులు, హెడ్ గ్యాస్కెట్, టైమింగ్ చెయిన్ అన్నీ కొత్తవి వేయించాను. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్ కూడా అయింది. ఇంజన్‌ని చెయిన్ కవర్‌తో సహా మెషిన్ షాపులోనే బిగించి ఇచ్చారు, దాన్ని బండిలో ఎక్కించి వైరింగ్, పైపులు, రేడియేటర్ కలుపుకున్నది నేను.

ఇప్పుడు సెల్ఫ్ కొడితే ఇంజన్ చక్కగా తిరుగుతోంది, కానీ ఒక్క సిలిండర్‌లో కూడా స్పార్క్ లేదు. ప్లగ్గులు కొత్తవి. కాయిల్స్ ఇదే మోడల్ ఇంకో బండికి వేసి చూస్తే బాగానే పనిచేశాయి. దించక ముందు బండి స్టార్టింగ్‌లో ఏ ఇబ్బందీ లేదు. ఇంత పని చేయించాక ఇలా నిలబడిపోతే చాలా టెన్షన్‌గా ఉంది, ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

ఆయిల్‌పంప్
స్పార్క్ సంగతి తర్వాత, ముందు ఇంజన్‌ని కాపాడుకోండి. స్టార్ట్ కాకుండా సెల్ఫ్ కొడుతూ పోతే, ఒకవేళ ఇంజెక్టర్లు పెట్రోల్ చల్లుతుంటే అది సిలిండర్ గోడల మీద ఉన్న ఆయిల్‌ని కడిగేస్తుంది. రింగులు ఇంకా బోర్‌లో సర్దుకోలేదు, ఈ దశలో గోడలు పొడిబారితే గీతలు పడతాయి. పైగా ఆ పెట్రోల్ సంప్‌లోకి (అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) దిగి ఆయిల్‌ని పలచన చేస్తుంది. కాబట్టి టెస్టులు చేసినంత సేపూ ఇంజెక్టర్ల ఫ్యూజు తీసి పక్కన పెట్టండి, లేదా వాటి కప్లర్లు (వైరు కనెక్టర్లు) ఊడదీయండి. సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు చల్లారనివ్వండి.

ప్లగ్గుని చేత్తో పట్టుకుని బ్లాకుకి ఆనించి చూసే అలవాటు ఉంటే మానేయండి. ఇరవై వేల వోల్టుల పైన ఉంటుంది, పక్కనే పెట్రోల్ ఆవిరి ఉంటే మంట కూడా లేస్తుంది. స్పార్క్ టెస్టర్ అని క్లిప్పుతో దొరుకుతుంది, దాని క్లిప్పు ఇంజన్ లోహానికి తగిలించి చూడండి. కాయిల్‌ని దేనికీ కలపకుండా గాలిలో వదిలేసి సెల్ఫ్ కొట్టినా లోపల ఇన్సులేషన్ దెబ్బతింటుంది.

ఒక ప్రశ్న: ప్లగ్గులు తీసినప్పుడు తడిగా ఉన్నాయా, పొడిగా ఉన్నాయా?

వైరింగ్‌లూమ్
ఇంజన్ దించి ఎక్కించిన బండి అంటే నేను ముందు ఎర్త్ వైర్లే చూస్తాను. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి ఒకటి, గేర్‌బాక్స్‌కో బ్లాకుకో ఒకటి, ఇవి అందరికీ గుర్తుంటాయి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గరో హెడ్డు వెనకో చిన్న బోల్టుకి రెండు మూడు సన్న వైర్లు రింగు టెర్మినల్‌తో బిగించి ఉంటాయి చూడండి, అవి ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) ఎర్త్‌లు. ఇవే మర్చిపోతారు. బోల్టు బిగించినా, బ్లాకుకి కొత్తగా పెయింట్ వేసి ఉంటే ఆ పెయింట్ మీద రింగు కూర్చుని కరెంటు పారదు.

సెల్ఫ్ తిరుగుతోంది కదా ఎర్త్ బాగానే ఉందనుకోవద్దు. సెల్ఫ్ ఎర్త్ వేరు, ఈసీయూ ఎర్త్ వేరు. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ ధ్రువం మీద, రెండోది బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.5 వోల్టు కన్నా తక్కువ రావాలి, నిజానికి 0.2 దగ్గర ఉంటేనే నాకు నచ్చుతుంది. తర్వాత అదే పని ఈసీయూ ఎర్త్ పిన్నుల మీద చేయండి.

హైబీమ్
నాలుగింట్లోనూ ఒకేసారి స్పార్క్ పోయిందంటే ఈసీయూ పోయినట్టే. ఇంజన్ పని చేసేటప్పుడు బ్యాటరీ తీయకుండా ఎక్కడో వెల్డింగ్ పెట్టి ఉంటారు. ఇంకో ఈసీయూ వేసి చూడండి, తేలిపోతుంది.

మల్టీమీటర్
హైబీమ్ గారూ, ఆ దారి ఇప్పుడే వద్దు. ఇమ్మొబిలైజర్ (సొంత తాళం కాకపోతే స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న బండ్లలో వేరే ఈసీయూ పెడితే తాళం గుర్తుపట్టదు, అప్పుడు ఉన్న సమస్యకు ఇంకోటి తోడవుతుంది. ఈసీయూ అరుదుగా పోతుంది, దానికి అందాల్సినవి అందకపోవడం తరచుగా జరుగుతుంది. అందుతున్నాయో లేదో కొలవకుండా పార్టులు మార్చుకుంటూ పోతే డబ్బు పోతుంది, కారణం తెలియదు.

కొత్తపిస్టన్ గారూ, ఆయిల్‌పంప్ గారు అడిగిన ప్రశ్నకు జవాబు చాలా ముఖ్యం. దానితో పాటు ఇవి కూడా చూసి చెప్పండి. తాళం ఆన్ చేయగానే మీటర్‌లో చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుందా? వెలిగితే ఈసీయూకి కరెంటూ ఎర్తూ కనీసం అంతవరకు అందుతున్నాయి. ఇమ్మొబిలైజర్ లైట్ వెలిగి ఆరిపోతుందా, ఆగకుండా కొట్టుకుంటోందా? తాళం ఆన్ చేసినప్పుడు వెనక పెట్రోల్ పంపు రెండు సెకన్లు చిన్నగా మోగి ఆగుతుందా, సెల్ఫ్ కొడుతున్నప్పుడు మళ్ళీ మోగుతుందా? స్కానర్ (ఈసీయూలోని సమాచారం చూపించే పరికరం) ఉంటే సెల్ఫ్ కొడుతున్నంత సేపూ లైవ్ డేటాలో ఆర్‌పీఎం ఎంత చూపిస్తుందో చూడండి. మిగతా ఏ కొలతా తీయకపోయినా ఈ ఆర్‌పీఎం ఒక్కటి మాత్రం చెప్పండి.

పాతబండి
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ ఇదే బాధ, కాకపోతే పాత కార్బ్యురేటర్ ఇంజన్, డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని సిలిండర్లకు పంచేది), పాయింట్లు (కాయిల్ కరెంటుని కలిపి తెంపే స్విచ్). ఇంజన్ బిగించాక కొత్త పాయింట్లు, కండెన్సర్ వేశారు. కాయిల్ పాజిటివ్‌లో 12 వోల్టులు ఉన్నాయి, స్పార్క్ అసలు లేదు. నాకు ఈసీయూ గొడవ లేదు కాబట్టి నేను ఎలా వెతకాలి?

మల్టీమీటర్
పాతబండి గారూ, మీది ఇంకా తేలిక, ఒక టెస్ట్ బల్బు చాలు. బల్బు ఒక కొన బ్యాటరీ పాజిటివ్‌కి, రెండోది కాయిల్ నెగటివ్‌కి పెట్టి సెల్ఫ్ కొట్టండి. పాయింట్లు మూసుకుని తెరుచుకుంటున్నప్పుడల్లా బల్బు వెలిగి ఆరుతుండాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్ల వైపు ఎక్కడో ఎర్త్ అంటుకుని ఉంది. అసలు వెలగకపోతే పాయింట్లు మూసుకోవట్లేదు, లేదా వాటి మొహాల మీద కొత్త పాయింట్లకు పూసే నూనె పొర ఉంది, శుభ్రమైన గుడ్డతో స్పిరిట్ పెట్టి తుడవండి.

దానికంటే ముందు డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు రోటర్ తిరుగుతుందో లేదో కళ్ళతో చూడండి. ఇంజన్ బిగించినప్పుడు డిస్ట్రిబ్యూటర్ కింద గేరు గానీ ఆయిల్ పంపు షాఫ్టు గానీ సరిగ్గా దిగకపోతే రోటర్ కదలదు. చాలా ఇంజన్లలో ఆ షాఫ్టే ఆయిల్ పంపుని కూడా తిప్పుతుంది, కాబట్టి రోటర్ తిరగకపోతే ఆయిల్ ప్రెషర్ కూడా లేనట్టే అనుకుని వెంటనే ఆపేయండి.

కొత్తపిస్టన్
అన్నీ చూశాను. వరసగా రాస్తున్నా.

ప్లగ్గులు పూర్తిగా పొడిగా ఉన్నాయి, పెట్రోల్ వాసన కూడా లేదు. చెక్ ఇంజన్ లైట్ వెలుగుతోంది. ఇమ్మొబిలైజర్ లైట్ వెలిగి ఆరిపోతోంది. తాళం ఆన్ చేస్తే పంపు మోగి ఆగుతోంది, సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రం పంపు సప్పుడు లేదు, రిలే మీద చెయ్యి పెట్టినా టిక్కుమని తగలడం లేదు. ఎర్త్ కొలత బ్లాకు మీద 0.15, ఈసీయూ పిన్ను మీద ఇంచుమించు అంతే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ 10.4 వోల్టులు. కాయిల్ కప్లర్‌లో 12 ఉంది, ఎర్త్ ఉంది.

స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా. ఫాల్ట్ కోడ్ ఏమీ లేదు.

ఇంకో సంగతి, వైరింగ్ అంతా నేనే కలిపాను కాబట్టి కప్లర్లు మళ్ళీ ఒక్కొక్కటి ఊడదీసి చూశాను, పిన్నులు వంగలేదు.

మల్టీమీటర్
ఇప్పుడు దారి కనపడింది. స్పార్క్ లేదు, ఇంజెక్టర్లు చల్లట్లేదు, పంపు మోగట్లేదు. ఈ మూడూ వేరువేరుగా ఒకే రోజు చెడిపోవు. ఇంజన్ తిరుగుతోందని ఈసీయూకి తెలిస్తేనే అది ఈ మూడు పనులూ చేస్తుంది. ఆ సంగతి చెప్పేది క్రాంక్ సెన్సర్. ఆర్‌పీఎం సున్నా అంటే ఈసీయూ దృష్టిలో మీ ఇంజన్ ఆగి ఉంది. కాయిల్స్‌ని, ప్లగ్గుల్ని ఇక మర్చిపోండి.

కోడ్ రాకపోవడం చూసి సెన్సర్ బాగుందనుకోవద్దు. సెన్సర్ తీగ తెగితే కొన్ని ఈసీయూలు కోడ్ వేస్తాయి. కానీ తీగ బాగుండి సిగ్నల్ మాత్రం బలహీనంగా ఉంటే చాలా ఈసీయూలు ఇంజన్ ఆగి ఉందనుకుని ఊరుకుంటాయి.

సెన్సర్‌కి రెండు వైర్లా మూడు వైర్లా చూడండి. మూడు ఉంటే చాలావరకు హాల్ రకం: ఒకటి సప్లై, అది 5 గానీ 12 గానీ, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్, తిరుగుతున్నప్పుడు సిగ్నల్ పైకీ కిందికీ దూకాలి. రెండే ఉంటే లోపల అయస్కాంతం, చుట్ట మాత్రమే ఉండే రకం, తనంతట తానే ఏసీ వోల్టేజీ పుట్టిస్తుంది. దానికి సప్లై వెతకొద్దు, ఉండదు. రెసిస్టెన్స్ కొలవండి, సెన్సర్‌ని బట్టి కొన్ని వందల ఓమ్స్ నుంచి రెండు వేల పైచిలుకు దాకా ఉండొచ్చు. తర్వాత మీటర్‌ని ఏసీ మీద పెట్టి సెల్ఫ్ కొట్టి ఎంత వస్తుందో చూడండి. మొదట సెన్సర్ దగ్గర, తర్వాత ఈసీయూ కప్లర్ దగ్గర. రెండు చోట్లా ఒకటే రావాలి.

వైరింగ్‌లూమ్
మల్టీమీటర్ చెప్పింది సరే, దాంతో పాటు నాక్ సెన్సర్ (ఇంజన్‌లో తట్టుడు శబ్దాన్ని పట్టేది) కప్లర్, క్రాంక్ సెన్సర్ కప్లర్ ఒకదానిలో ఒకటి దూరేలా ఉన్నాయేమో కూడా చూడండి. కొన్ని ఇంజన్లలో రెండూ ఒకే ఆకారం, పక్కపక్కనే వేలాడుతుంటాయి. వైరు రంగులు వైరింగ్ బొమ్మతో సరిపోల్చుకుంటే నిమిషంలో తేలుతుంది.

పాతబండి
మల్టీమీటర్ గారూ, రోటర్ తిరుగుతోంది. బల్బు పెడితే ఆరకుండా వెలుగుతూనే ఉంది.

మల్టీమీటర్
అయితే పాయింట్ల స్ప్రింగు బిగించే చిన్న స్క్రూ దగ్గర చూడండి. కాయిల్ నుంచి వచ్చే వైరూ, కండెన్సర్ వైరూ స్ప్రింగుకి మాత్రమే తగలాలి, ప్లేటుకి తగలకూడదు. మధ్యలో ప్లాస్టిక్ వాషర్లు ఉంటాయి, వాటి వరస తప్పితే పాయింట్లు తెరుచుకున్నా కరెంటు ప్లేటులోకి దిగిపోతూనే ఉంటుంది. అది సరిగ్గా ఉంటే కండెన్సర్ వైరు విడిగా తీసి మళ్ళీ బల్బు పెట్టండి. ఇప్పుడు కొట్టుకుంటే కండెన్సర్ లోపల షార్ట్. గ్యాప్ మీ బండి పుస్తకంలో ఉన్నది పెట్టండి, సాధారణంగా 0.4 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది.

కొత్తపిస్టన్
రెండు వైర్ల సెన్సరే. రంగులు బొమ్మతో సరిపోయాయి, కప్లర్లు మారలేదు. రెసిస్టెన్స్ 1.9 కిలో ఓమ్స్, పుస్తకంలో ఇచ్చిన హద్దుల్లోనే ఉంది. సెల్ఫ్ కొడితే ఏసీ 0.08 వోల్టు వస్తోంది, అంతే. ఈసీయూ దగ్గర కూడా అదే.

కొత్త సెన్సర్ తెచ్చి వేయాలా?

హైబీమ్
సిగ్నల్ లేదంటే సెన్సరే కదా. మార్చేయండి.

టైమింగ్‌చెయిన్
ఆగండి, సెన్సర్ కొనకండి. ఇంజన్ దించక ముందు ఇదే సెన్సర్ పనిచేసింది, రెసిస్టెన్స్ బాగుంది, తీగ బాగుంది. ఈ రకం సెన్సర్‌లో ఎంత వోల్టేజీ పుడుతుందన్నది రెండిటి మీద ఉంటుంది: క్రాంక్‌తో తిరిగే ప్లేటు పళ్ళు సెన్సర్ ముందు నుంచి ఎంత వేగంగా దాటుతున్నాయి, ఎంత దగ్గరగా దాటుతున్నాయి. వేగం మీకు ఉంది. దగ్గరతనం మీద నాకు అనుమానం.

రెండు చిన్న పనులు చేయండి. సెన్సర్ ఊడదీసి కొన మీద ఇనుప రజను అంటుకుందేమో చూసి తుడవండి, అయస్కాంతం కదా, ఇంజన్ పని జరిగినప్పుడు రజను పట్టుకుంటుంది. రెండోది, నాలుగు ప్లగ్గులూ తీసేసి సెల్ఫ్ కొట్టండి. కంప్రెషన్ ఉండదు కాబట్టి ఇంజన్ ఇంకా వేగంగా తిరుగుతుంది, సిగ్నల్ పెరగాలి. అప్పుడు ఆర్‌పీఎం ఏమైనా కనపడితే చెప్పండి.

కొత్తపిస్టన్
కొన మీద కొంచెం రజను ఉంది, తుడిచాను, తేడా లేదు. ప్లగ్గులు తీసి కొడితే మాత్రం ఏసీ 0.13 దాకా వచ్చింది, స్కానర్‌లో ఆర్‌పీఎం ఒక క్షణం 300 చూపించి మళ్ళీ సున్నా, మళ్ళీ ఒక క్షణం, మళ్ళీ సున్నా.

టైమింగ్‌చెయిన్
ఇది గ్యాపే. సెన్సర్ బతికే ఉంది, పళ్ళు దూరంగా ఉన్నాయి. ఎంత దూరమో ఇలా కొలవండి. సెన్సర్ రంధ్రంలోంచి టార్చి వేసి, క్రాంక్‌ని స్పానర్‌తో మెల్లగా తిప్పుతూ ఒక పన్ను సరిగ్గా రంధ్రం ఎదురుగా వచ్చేలా నిలపండి. వెర్నియర్ కాలిపర్ తోకతో, సెన్సర్ కూర్చునే అంచు నుంచి పన్ను కొన దాకా లోతు కొలవండి. తర్వాత సెన్సర్ అంచు నుంచి దాని ముక్కు కొన దాకా పొడవు కొలిచి లోతులోంచి తీసేయండి. మిగిలేదే గ్యాప్. చాలా ఇంజన్లలో అర మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మధ్య ఉంటుంది. ఆ పన్ను మొత్తం మందంతో ముక్కు ఎదురుగా ఉందా, పక్కకి జరిగి అంచు మాత్రమే ఎదురుగా ఉందా అన్నది కూడా చూడండి.

కొత్తపిస్టన్
మీరు అడిగిందే అయింది. లోతులోంచి పొడవు తీసేస్తే 1.1 మిగిలింది, గ్యాప్ మామూలే. కానీ పన్ను ముక్కు ఎదురుగా లేదు. పళ్ళ అంచు మాత్రమే రంధ్రంలో ఒక పక్కకి కనపడుతోంది, మిగతా సగం ఖాళీ. ఫోటో పెట్టాను.

టైమింగ్‌చెయిన్
ఫోటో చూశాను. ఆ పళ్ళ ప్లేటు తిరగేసి బిగించారు.

ఇలాంటి ఇంజన్లలో సెన్సర్ ప్లేటు చదునుగా ఉండదు, పళ్ళున్న అంచు ఒక వైపుకి కొంచెం పొంగి ఉంటుంది. క్రాంక్ ముందు కొన మీద చెయిన్ పళ్ళచక్రం తర్వాత ఎక్కుతుంది. ప్లేటుని క్రాంక్‌కి పట్టి ఉంచే కీ కూర్చునే గాడి రెండు వైపులా ఒకటే కాబట్టి తిప్పి పెట్టినా చక్కగా కూర్చుంటుంది, చేతికి ఏ తేడా తెలియదు. కొన్ని ఇంజన్ల ప్లేట్ల మీద ఎఫ్ అనే గుర్తు గుద్ది ఉంటుంది, అది ముందుకు కనపడాలి. తిరగబడితే పళ్ళు ముందుకి రావాల్సింది వెనక్కి పోతాయి, ముక్కు అంచుని మాత్రమే చూస్తుంది, సిగ్నల్ పలచబడుతుంది. మీ 0.08 దాని లెక్కే.

హైబీమ్
దానికోసం మళ్ళీ చెయిన్ కవర్ తీయాలా? సెన్సర్ రంధ్రాన్ని కొంచెం సాగదీసి ముక్కుని పళ్ళ వైపుకి జరిపితే సరిపోతుంది కదా. సిగ్నల్ వస్తే చాలు.

టైమింగ్‌చెయిన్
వద్దు. ఈ సలహా ఎవరూ పాటించవద్దని గట్టిగా చెప్తున్నాను. ఆ ప్లేటులో ఒకటి రెండు పళ్ళు కావాలని వదిలేసి ఉంటాయి, 36 స్థానాల్లో రెండు ఖాళీ, లేదా 60లో రెండు ఖాళీ, అలా. ఆ ఖాళీని చూసే పిస్టన్ ఎక్కడుందో ఈసీయూ లెక్కపెడుతుంది. ప్లేటు తిరగేస్తే గాడి నుంచి ఖాళీ దాకా ఉండే కోణం అద్దంలో చూసినట్టు రెండో వైపుకి పోతుంది. 36 స్థానాల ప్లేటులో ఒక్క పన్ను తేడా అంటేనే 10 డిగ్రీలు. మీరు సిగ్నల్ బలంగా తెచ్చారనుకోండి, స్పార్క్ వస్తుంది, కానీ తప్పు చోట వస్తుంది. ఎదురు కొట్టి సెల్ఫ్ పళ్ళు విరగొచ్చు, ముందుగా పేలితే కొత్త పిస్టన్లకే దెబ్బ. సిగ్నల్ బలహీనంగా ఉండి బండి స్టార్ట్ కాకపోవడమే ఇక్కడ మేలయింది.

ఆయిల్‌పంప్
పూర్తిగా ఒప్పుకుంటాను. కవర్ తీయండి కొత్తపిస్టన్ గారూ, కష్టమే, కానీ ఇంజన్ కిందకి దించకుండానే చాలా బండ్లలో అవుతుంది. తీశాక చెయిన్ గుర్తులు ఒకసారి చూసుకోండి. బిగించాక ప్లగ్గులు లేకుండా స్పానర్‌తో క్రాంక్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పండి, ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టకండి. పుల్లీ బోల్టు పుస్తకంలో ఇచ్చిన టార్కుకే బిగించండి. కవర్ సీలెంట్ ట్యూబు మీద రాసినంత సేపు ఆరాకే ఆయిల్ పోయండి, ఇంతకుముందున్న సీలెంట్ ముక్కలు సంప్‌లో పడకుండా చూసుకోండి, అవి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడతాయి.

మెషిన్ షాపు వాళ్ళకి కూడా ఫోటో చూపించండి. వాళ్ళ చేతిలో ఇదే ఇంజన్ మళ్ళీ పడుతుంది.

పాతబండి
నాకు స్పార్క్ వచ్చింది! వాషరే. ప్లాస్టిక్ వాషర్ వరస తప్పి ఉంది, వైరు రింగు ప్లేటుకి తగులుతోంది. సరిచేశాక నీలం రంగు స్పార్క్ కొడుతోంది. మల్టీమీటర్ గారికి ఎన్ని ధన్యవాదాలు చెప్పినా తక్కువే. ఇంకా స్టార్ట్ చేయలేదు, మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏమైనా జాగ్రత్తలున్నాయా? క్యామ్‌షాఫ్ట్, ట్యాపెట్లు (క్యామ్ తగిలి వాల్వులను కదిలించే ముక్కలు) కూడా కొత్తవి.

కొత్తపిస్టన్
కవర్ తీశాం. టైమింగ్‌చెయిన్ గారు చెప్పినట్టే ఉంది, గుర్తు లోపలి వైపుకి ఉంది. ప్లేటు తిప్పి పెట్టి, చెయిన్ గుర్తులు చూసుకుని, కవర్ బిగించి సీలెంట్ ఆరనిచ్చి ఆయిల్ పోశాం. ముందు ప్లగ్గులు లేకుండా, ఇంజెక్టర్ ఫ్యూజు తీసి సెల్ఫ్ కొడితే ఏసీ ఒక వోల్టు దాటింది, స్కానర్‌లో ఆర్‌పీఎం నిలకడగా వచ్చింది, నాలుగు సిలిండర్లలోనూ స్పార్క్ ఉంది. ఆయిల్ లైట్ ఆరేదాకా అలాగే తిప్పి, తర్వాత ప్లగ్గులు, ఫ్యూజు పెట్టి తాళం తిప్పితే వెంటనే అందుకుంది. శబ్దం మెత్తగా ఉంది, లీకులు లేవు.

హైబీమ్ గారూ, మీ మీద కోపం లేదు, కవర్ తీయాలంటే నాకూ ప్రాణం ఒప్పలేదు. కానీ లోపల ఆ ప్లేటు చూశాక టైమింగ్‌చెయిన్ గారు ఎందుకంత గట్టిగా చెప్పారో అర్థమైంది.

హైబీమ్
మంచి వార్త. ఖాళీ పళ్ళ కోణం సంగతి నాకు తెలియదు, నేర్చుకున్నాను.

ఆయిల్‌పంప్
కొత్తపిస్టన్ గారూ, సంతోషం. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఒకే వేగంతో లాగించకండి, పెంచుతూ తగ్గిస్తూ నడపండి, ఎక్కువ సేపు ఐడిల్‌లో వదలకండి, రింగులు బోర్‌కి సర్దుకోవాలంటే కొంత లోడు కావాలి. ఆయిల్, ఫిల్టర్ తొందరగా ఒకసారి మార్చేయండి.

పాతబండి గారూ, మీ ఇంజన్‌లో చదును ట్యాపెట్లు అయితే మీకు చెప్పేది వేరు. స్టార్ట్ అవగానే ఐడిల్‌కి వదలకుండా 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య ఇరవై నిమిషాలు నడపాలి, మధ్యమధ్యలో కాస్త పెంచుతూ తగ్గిస్తూ. ఆ ట్యాపెట్లకు క్యామ్ మీద ఆయిల్ ఎక్కువగా క్రాంక్ చిమ్మినదే అందుతుంది, ఐడిల్‌లో అది చాలదు. అందుకే స్టార్ట్ చేయకముందే టైమింగ్ దగ్గరగా పెట్టుకోండి, కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోల్ నింపుకోండి, రేడియేటర్‌లో నీళ్ళు చూసుకోండి, అప్పుడు మొదటి ప్రయత్నంలోనే అందుకుంటుంది. ఆయిల్ ప్రెషర్ గేజీ మీద ఒక మనిషిని పెట్టండి, ప్రెషర్ పడితే ఏమీ ఆలోచించకుండా ఆపేయమనండి.

పాతబండి
చదును ట్యాపెట్లే. మా తమ్ముడిని గేజీ దగ్గర కూర్చోబెడతాను. రేపు ఉదయం స్టార్ట్ చేసి ఇక్కడే రాస్తాను.